దస్తావేజులో పేరు లేని మనిషి

సేల్‌డీడ్ తీసి చదివితే అందులో చాలామంది కనిపిస్తారు. అమ్మినవాడు, కొన్నవాడు, వాళ్ళ తండ్రుల పేర్లు, వయసు, వృత్తి, పాన్ నంబర్లు. నాలుగు దిక్కులా హద్దుదారులు. ఇద్దరు సాక్షులు. చివర సబ్‌రిజిస్ట్రార్ సంతకం, ముద్ర. ఆ స్థలాన్ని మొదట చూపించినవాడు మాత్రం అందులో ఉండడు. బేరం కుదిర్చిందీ, బయానా ఎంతివ్వాలో చెప్పిందీ, "టైటిల్ క్లియర్ అండీ, ఏ లిటిగేషనూ లేదు" అని ధైర్యం చెప్పిందీ అతనే. ఒకవేళ కాగితం మీదికి వచ్చినా రెండో సాక్షిగా వస్తాడు. ఆ సాక్షి సంతకానికీ, అతను పుచ్చుకున్న కమీషన్‌కీ సంబంధం ఉన్నట్టు దస్తావేజులో ఒక్క అక్షరం ఉండదు.

ఈ స్మారకోపన్యాసం ఎవరి పేరు మీద ఏర్పాటైందో ఆ పెద్దాయన రిజిస్ట్రేషన్ శాఖలో పనిచేసి రిటైరయ్యారు. దస్తావేజు తన ముందుకొస్తే, కొన్నవాళ్ళని ఆయన ఒక మాట అడిగేవారు: ఈ స్థలం మీకు చూపించిందెవరు? ఆ ప్రశ్నకి ఏ ఫారంలోనూ గడి లేదు. జవాబు రాసుకోవలసిన పనీ లేదు. అయినా అడిగేవారు. ఆ లేని గడి గురించే ఈ ఉపన్యాసం. స్థలాలూ ఫ్లాట్లూ అమ్మిపెట్టే వ్యాపారానికి లైసెన్సు ఎందుకు కావాలి, ఇప్పుడున్న చట్టం ఎంతవరకు వచ్చి ఆగింది, అక్కడి నుంచి ఎటు నడవాలి అన్నవి ఇందులోని విషయాలు.

దళారి అనే మాట తెలుగులో తిట్టుగా మారి చాలాకాలమైంది. అరబ్బీలో దల్లాల్ అనే మాటకి మూలార్థం దారి చూపేవాడని. సంతకి వచ్చిన కొత్తవాడికి సరుకున్న చోటు చూపించి, ధర తెలిపి, ఇద్దరి మధ్యా మాట కుదిర్చేవాడన్నమాట. ఆ పని ఈనాటికీ కావాలి. శంకర్‌పల్లిలోనో భోగాపురంలోనో స్థలం కొనాలనుకున్న బ్యాంకు ఉద్యోగికి అక్కడ ఏ సర్వే నంబరు అసైన్డ్ భూమో, ఏది చెరువు శిఖమో, ఏ లేఅవుట్‌కి పంచాయతీ స్టాంపు తప్ప మరో అనుమతి లేదో తెలిసే వీలు లేదు. తెలిసినవాడొకడు పక్కన ఉండాలి. ఆ తెలిసినవాడే దాచిపెడితే అడిగే దిక్కెవరన్న చోట లైసెన్సు ప్రశ్న పుట్టింది.

2016 దాకా ఈ దేశంలో స్థలాల బ్రోకర్లకంటూ జాతీయస్థాయి చట్టం లేదు. అంతమాత్రాన చట్టమే లేదనుకోవడం పొరపాటు. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో ఏజెంటు బాధ్యతల మీద ఒక అధ్యాయమే ఉంది. ఏజెంటు తన వృత్తిలోని వాళ్ళకి మామూలుగా ఉండే నేర్పుతో పనిచేయాలని 212వ సెక్షన్ చెబుతుంది. అశ్రద్ధ వల్ల నష్టం జరిగితే పరిహారం అతనే కట్టుకోవాలి. అడిగినప్పుడు లెక్క చెప్పాలన్నది 213. పనిలో తప్పు చేస్తే, ఆ మేరకు ప్రతిఫలం అడిగే హక్కు పోతుందన్నది 220.

ఆ చట్టంలోని ఉదాహరణలు మరీ ఆశ్చర్యం. 215వ సెక్షన్ కింద ఒక చిన్న కథ ఉంది. యజమాని తన ఎస్టేటు అమ్మిపెట్టమని ఏజెంటుకి చెప్పాడు. ఏజెంటు వెళ్ళి భూమంతా తిరిగి చూస్తే యజమానికి తెలియని గని ఒకటి బయటపడింది. గని సంగతి దాచి, ఆ ఎస్టేటు తానే కొనుక్కుంటానన్నాడు. యజమాని సరేనన్నాడు. తరవాత అసలు విషయం తెలిస్తే ఆ అమ్మకాన్ని ఉంచాలో రద్దు చేయాలో యజమాని ఇష్టం అంటుంది చట్టం. గని స్థానంలో రీజనల్ రింగ్ రోడ్డు అలైన్‌మెంట్‌ని పెట్టి చూస్తే ఇది నూటయాభై ఏళ్ళనాటి కథలా అనిపించదు. రోడ్డు ఎటు పోతుందో ముందే పసిగట్టి, రైతుకి ఆ సంగతి చెప్పకుండా బయానా ఇచ్చి, మూణ్ణెల్ల గడువుతో అగ్రిమెంటు రాయించుకుని, గడువులోపే మరొకరికి రెట్టింపు ధరకి తిప్పడం తెలుగు నేలమీద చాలా మండలాల్లో చూసిన వ్యవహారమే.

మరి ఆ చట్టం రైతుకి ఎందుకు అక్కరకు రాలేదు? తన ఏజెంటని నిరూపించే కాగితం రైతు దగ్గర లేదు కాబట్టి. మన దగ్గర మధ్యవర్తి ఎవరి తరఫు మనిషో అతనూ చెప్పడు, మిగతా ఇద్దరూ అడగరు. అమ్మేవాడి దగ్గర ఒక శాతం, కొనేవాడి దగ్గర ఒక శాతం తీసుకుని ఇద్దరికీ కావలసినవాడిలా ఉంటాడు. కొన్ని చోట్ల శాతం కూడా లేదు. యజమాని ఒక నెట్ రేటు చెబుతాడు, దానిపైన ఎంత వస్తే అంతా మధ్యవర్తిదే. గజానికి రెండు వేలు ఎక్కువ రాబట్టినా ఆ సంగతి కొన్నవాడికి తెలియదు, అమ్మినవాడికీ తెలియదు. ఇద్దరి తరఫునా బేరమాడుతున్న మనిషికి వాళ్ళిద్దరి నష్టంలోనే లాభం కనిపించే పద్ధతి ఇది. దీన్ని వ్యాపార చాతుర్యంగా చెప్పుకోవడం మానుకోవాలి.

ఇక 2016. స్థిరాస్తి నియంత్రణ, అభివృద్ధి చట్టాన్ని అందరూ రెరా అంటున్నారు. ఆ ఏడాది మార్చిలో పార్లమెంటు ఆమోదించిన ఈ చట్టంలో కొన్ని సెక్షన్లు 2016 మే 1న, మిగతావి 2017 మే 1న అమల్లోకి వచ్చాయి. ఆంధ్రప్రదేశ్ 2017 మార్చిలో, తెలంగాణ అదే ఏడాది జులై 31న తమ నియమాలు ప్రకటించాయి. బిల్డర్ల మీద పెట్టిన షరతుల గురించే జనం ఎక్కువగా మాట్లాడుకున్నారు. కొనుగోలుదారుల నుంచి వచ్చిన సొమ్ములో 70 శాతం ప్రత్యేక ఖాతాలో ఉంచాలనీ, అగ్రిమెంటు రిజిస్టర్ చేయకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదనీ ఉన్న నిబంధనలు పత్రికలకెక్కాయి. ఏజెంట్ల గురించి చెప్పే 9, 10 సెక్షన్లకి అంత చోటు దొరకలేదు.

ఆ రెండు సెక్షన్లూ చదివే ముందు ఏజెంటు అంటే ఎవరో చట్టం ఇచ్చిన నిర్వచనం చూడాలి. రియల్ ఎస్టేట్ ప్రాజెక్టులో ప్లాటో ఫ్లాటో అమ్మిపెట్టి ఫీజు, కమీషను, మరే పేరుతోనైనా ప్రతిఫలం తీసుకునేవాడు ఏజెంటు. అక్కడితో ఆగలేదు. ఏ మాధ్యమం ద్వారానైనా కొనేవాళ్ళనీ అమ్మేవాళ్ళనీ ఒకరికొకరిని పరిచయం చేసేవాడూ ఏజెంటే. డీలరు, బ్రోకరు, మధ్యవర్తి, ఏ పేరుతో పిలిచినా సరే. చట్టం రాసినవాళ్ళకి ఈ వ్యాపారం తెలుసు.

హైదరాబాద్ చుట్టుపక్కల, విజయవాడ, విశాఖ దారుల్లో వెంచర్లు అమ్ముడుపోయే తీరు చూస్తే ఈ నిర్వచనం బరువు అర్థమవుతుంది. ప్లాట్లు అమ్మే సంస్థలు చాలావరకు జీతగాళ్ళ మీద ఆధారపడవు. సంస్థ కింద అసోసియేట్లు, వాళ్ళని చేర్పించినవాళ్ళకి మేనేజరు హోదా, ఇంకొన్ని చేరికలు చూపిస్తే డైరెక్టరు అనే పిలుపు. ఒక్క ప్లాటు అమ్మితే కమీషను మెట్లు మెట్లుగా పైకి పోతుంది. ఆ మెట్ల మీద ఉన్నవాళ్ళు ప్రైవేటు స్కూలు టీచర్లు, ఎల్ఐసీ ఏజెంట్లు, క్యాబ్ డ్రైవర్లు, రిటైరైన ఉద్యోగులు. ఆదివారం బస్సు పెట్టి, భోజనం పెట్టి సైటు చూపిస్తారు. వాట్సాప్ స్టేటస్‌లో బ్రోచర్ పెట్టి, ఎవరైనా కొంటే కమీషను తీసుకునే ఆ టీచరమ్మ కూడా చట్టం దృష్టిలో రియల్ ఎస్టేట్ ఏజెంటే. ఆ సంగతి ఆమెకి చెప్పినవాళ్ళు లేరు. చెప్పకుండా ఆమె చేత తన బంధువులకే ప్లాట్లు అమ్మించినవాళ్ళు చేసింది చాలా పెద్ద తప్పు. రేపు ఆ వెంచర్ మీద కేసు పడితే ముందు తెగేవి ఆమె చుట్టరికాలు.

రిజిస్ట్రేషన్ తతంగం కష్టమేమీ కాదు. పాన్ కార్డు, చిరునామా రుజువు, ఫోటో, ఆదాయపు పన్ను రిటర్నులు, సంస్థ అయితే దాని నమోదు పత్రాలు. తెలంగాణలో వ్యక్తికి 10 వేల రూపాయలు, సంస్థకి 50 వేల రూపాయల ఫీజు. ఇచ్చిన నంబరు ఐదేళ్ళు చెల్లుతుంది. కుదిర్చిన ప్రతి అమ్మకంలోనూ ఏజెంటు ఆ నంబరు వేయాలి. పదో సెక్షన్ ప్రకారం, రిజిస్టరు కాని ప్రాజెక్టులో అతను ఏదీ అమ్మకూడదు. లెక్కల పుస్తకాలూ రికార్డులూ భద్రపరచాలి. బిల్డరుకి లేని అనుమతిని ఉందని చెప్పకూడదు. బుకింగు సమయంలో కొనేవాడికి హక్కుగా రావలసిన కాగితాలన్నీ చేతికి అందేలా చూడాలి.

ఈ లెక్కన ప్రీలాంచ్ ఆఫరు పేరుతో రెరా నంబరు రాకముందే ఫ్లాటు అమ్మిపెట్టిన ప్రతి ఏజెంటూ చట్టాన్ని మీరినట్టే. 62వ సెక్షన్ కింద జరిమానా రోజుకి 10 వేల రూపాయలు. తప్పు ఎన్నాళ్ళు సాగితే అన్ని రోజులకీ పడుతుంది, మొత్తం మీద ఆ ఆస్తి ఖరీదులో 5 శాతం దాకా. 60 లక్షల ఫ్లాటు మీద ఐదు శాతమంటే 3 లక్షలు. ముప్పై రోజుల్లో ఆ పరిమితి నిండిపోతుంది. ఒక శాతం చొప్పున అతనికి దొరికే కమీషను 60 వేలు. రెండు వైపులా తీసుకున్నా లక్షా 20 వేలు. కమీషను మీద ఆశతో ఈ వృత్తిలోకి వచ్చే కుర్రాళ్ళకి ఎవరైనా మొదటిరోజే చెప్పవలసిన లెక్క ఇది.

ఇంతవరకు బాగుంది. ఈ చట్టం వల్ల ఏజెంటుకి ఒక నంబరు వచ్చింది, ఫిర్యాదు చేసే చోటు వచ్చింది. 31వ సెక్షన్ కింద బిల్డరు మీద చేసినట్టే ఏజెంటు మీదా ఫిర్యాదు చేయవచ్చు. లోటు మరోచోట ఉంది. 2016 చట్టం గానీ, మన రెండు రాష్ట్రాలు 2017లో రాసుకున్న నియమాలు గానీ ఏజెంటుని నువ్వెవరని అడిగాయి తప్ప నీకేం తెలుసని అడగలేదు.

పోల్చి చూస్తే ఇది ఎంత వింతో తెలుస్తుంది. నెలకి 500 రూపాయల మ్యూచువల్ ఫండ్ సిప్ అమ్మాలంటే పరీక్ష రాసి ప్యాసై, ఏఆర్‌ఎన్ అనే నంబరు తెచ్చుకోవాలి. జీవిత బీమా పాలసీ అమ్మేవాడికీ పరీక్ష ఉంది. ఒక మధ్యతరగతి కుటుంబం జీవితమంతా కూడబెట్టినదీ, ఇరవై ఏళ్ళ పాటు కట్టబోయే ఈఎంఐలూ కలిపి పెట్టే ఫ్లాటుని అమ్మేవాడికి మాత్రం ఈసీ చదవడం వచ్చా, లింకు డాక్యుమెంటు అంటే ఏమిటో తెలుసా, నిషేధిత భూముల 22ఏ జాబితా ఎక్కడ చూడాలో తెలుసా అని చట్టం అడగలేదు. అవిభాజ్య వాటా పేరుతో, కట్టని భవనం కింద నేలని ముక్కలుగా రిజిస్టరు చేస్తుంటే అందులో ఉన్న ప్రమాదం ఏమిటో ఏజెంటుకే తెలియకపోతే కొనేవాడికి అతను చెప్పగలిగేది ఏముంటుంది?

ఈ లోటుని మహారాష్ట్ర ముందుగా గుర్తించింది. అక్కడి రెరా సంస్థ 2023 జనవరిలో ఏజెంట్లకి శిక్షణ, పరీక్ష తప్పనిసరి చేసింది. కొత్తగా వచ్చేవాళ్ళకే కాదు, అప్పటికే నంబరున్నవాళ్ళకీ. ఆ ఏడాది మేలో మొదటి పరీక్ష జరిగింది. గడువు పొడిగించి 2024 జనవరి 1 నుంచి అర్హత పత్రం లేనిదే పనిచేయకూడదన్నారు. ఆ తరవాత పత్రం తెచ్చుకోని దాదాపు 20 వేల మంది రిజిస్ట్రేషన్లని నిలిపివేశారు. వేలమంది బతుకుతెరువు మీద చేయి వేయడం తేలిక నిర్ణయం కాదు. అయినా అది సరైన నిర్ణయమే. పరీక్ష మరాఠీలో రాసే వీలు కూడా కల్పించడం అందులో మెచ్చుకోదగ్గ విషయం. తెలుగు రాష్ట్రాల్లో ఇలాంటి పరీక్ష పెడితే తెలుగులోనే ఉండాలి. పహాణీ, అడంగల్, వన్‌బీ, ఫైసల్ పట్టీ చదవగలిగినవాడికి ఇంగ్లీషు రాదన్న కారణంతో దారి మూసేయకూడదు. ఆ కాగితాలు చదవలేనివాడు ఎంత ఇంగ్లీషు మాట్లాడినా దారి తెరవకూడదు.

లైసెన్సు పరీక్ష ప్రపంచానికి కొత్త కాదు. అమెరికాలో కాలిఫోర్నియా 1917లోనే స్థలాల బ్రోకర్లకి లైసెన్సు చట్టం తెచ్చింది. కోర్టు కొట్టేస్తే 1919లో మళ్ళీ రాసుకుంది. ఆ దేశంలో మన తెలుగువాళ్ళు ఎక్కువగా స్థిరపడిన చోట్లలో టెక్సస్ ఒకటి. డాలస్ పక్కన ఫ్రిస్కో, ఇర్వింగ్ ఊళ్ళలో తెలుగు ఇళ్ళల్లో ఎవరో ఒకరు రియల్ ఎస్టేట్ లైసెన్సు తీసుకుని పనిచేస్తుండడం మామూలే. ఆ లైసెన్సుకి 180 గంటల చదువు కావాలి. స్థిరాస్తి మూలసూత్రాల మీద రెండు కోర్సులు, ఏజెన్సీ న్యాయం, కాంట్రాక్టు న్యాయం, ప్రభుత్వం ఆమోదించిన ఒప్పంద పత్రాలు, ఫైనాన్సు మీద ఒక్కొక్కటి, మొత్తం ఆరు. తరవాత పరీక్ష. వేలిముద్రలిచ్చి నేరచరిత్ర తనిఖీ చేయించుకోవాలి. ఇవన్నీ అయినా సొంతంగా పనిచేయలేరు. లైసెన్సున్న బ్రోకరు ఒకరు తన కింద చేర్చుకుని పూచీ పడాలి. కొనేవాళ్ళతో మొదటిసారి అసలు విషయం మాట్లాడేటప్పుడే తాను ఎవరి తరఫో, మధ్యవర్తి బాధ్యతలేమిటో తెలిపే ప్రభుత్వ పత్రాన్ని చేతికివ్వాలి. లైసెన్సున్న మనిషి మోసం చేసి, కోర్టు తీర్పు వచ్చాక కూడా డబ్బు రాబట్టలేకపోతే బాధితుడికి ఒక పరిమితి వరకు చెల్లించే నిధి కూడా ఉంది. అది లైసెన్సుదారుల సొమ్ముతోనే ఏర్పడింది.

ఫ్రిస్కోలో ఇల్లు కొనేటప్పుడు ఈ పద్ధతంతా పాటించిన కుటుంబమే షాద్‌నగర్‌లోనో తుళ్ళూరులోనో ప్లాటు కొనేటప్పుడు బావమరిది స్నేహితుడి ఫోన్ కాల్‌తో సరిపెట్టుకుంటుంది. అక్కడి తెలుగు సంఘాల మహాసభల్లో స్టాళ్ళు పెట్టి ప్లాట్లు చూపిస్తారు. వీడియో కాల్‌లో హద్దురాళ్ళు చూపించి బయానా వేయించుకుంటారు. ఊరి మీద మమకారంతో కొనే స్థలం కాబట్టి అనుమానించడానికి మనసొప్పదు. అలాంటి కొనుగోలుదారుకి ఏజెంటు నంబరు, ప్రాజెక్టు నంబరు అడగడం అవమానంగా తోచకూడదు. రెండూ రెరా వెబ్‌సైటులో చూసుకోవచ్చు, డాలస్ నుంచైనా.

డబ్బు ఎవరి చేతిలో ఉంటుందన్నది ఇంకో ప్రశ్న. బహుశా అన్నిటికన్నా పెద్దది. ఒప్పందం కుదిరాక బయానా సొమ్ము మధ్యవర్తి చేతిలో పెట్టడం మన ఊళ్ళల్లో నమ్మకానికి గుర్తు. పాడయిన బేరాల్లో ఆ డబ్బు తిరిగి రాబట్టుకోవడానికి తిరిగిన కాళ్ళు ఎన్నో. సింగపూర్‌లో 2010 చట్టంతో ఏర్పడిన ఏజెన్సీల మండలి, ఆస్తి అమ్మకాల సొమ్మును ఏజెంటు అసలు ముట్టుకోకూడదన్నది. టెక్సస్‌లోనైతే ఇతరుల సొమ్మును వేరుగా ట్రస్టు ఖాతాలో ఉంచాలి. మన చట్టంలో 70 శాతం ఖాతా బిల్డరుకే. ఏజెంటు చేతిలో పడ్డ బయానాకి అలాంటి గోడ లేదు. ఇక్కడ సింగపూర్ పద్ధతి మేలు. చిన్న ఏజెంటుకి ప్రత్యేక ఖాతా, ఆడిట్ భారం కన్నా, డబ్బు కొనేవాడి ఖాతా నుంచి అమ్మేవాడి ఖాతాకే పోవాలన్న ఒక్క నియమం అమలు చేయడం తేలిక.

చట్టం చేయి చేరని మేర కూడా చిన్నది కాదు. తొమ్మిదో సెక్షన్ రెరాలో రిజిస్టరైన ప్రాజెక్టుల వరకే. 500 చదరపు మీటర్లకి మించని స్థలంలో, లేదా ఎనిమిది ఫ్లాట్లకి మించకుండా కట్టేవాటికి ప్రాజెక్టు రిజిస్ట్రేషనే అక్కర్లేదు. పాత ఇంటి అమ్మకం, చేతులు మారే పాత ఫ్లాటు, అద్దె ఇళ్ళు, సాగుభూమి, ఇవన్నీ బయటే. తెలుగు జిల్లాల్లో మధ్యవర్తి ఎక్కువగా తిరిగేది ఈ బయట నేలలోనే. ఫామ్ ప్లాట్ల పేరుతో వ్యవసాయ భూమిని గుంటల లెక్కన కోసి అమ్మడం అందుకే పెరిగింది. లేఅవుట్ అనుమతి అడగకుండా, రెరా నంబరు లేకుండా, పొలంగానే రిజిస్ట్రేషను జరిగిపోతుంది. కొన్నవాడు అక్కడ ఇల్లు కట్టుకోబోయేదాకా తన దగ్గరున్నది ప్లాటు కాదని గ్రహించడు.

అందువల్ల మధ్యవర్తి లైసెన్సుని ప్రాజెక్టుతో ముడిపెట్టడం మానేసి మనిషితో ముడిపెట్టాలన్నది ఈ ఉపన్యాసం చేసే ప్రధాన ప్రతిపాదన. ఏ రకం భూమి అమ్మిపెట్టినా, ఎవరి తరఫున అమ్మిపెట్టినా, కమీషను తీసుకునే మనిషికి ఒకే నంబరుండాలి. నిజానికి కేంద్రం మరో దారిలో ఆ దిశగా ఒక అడుగు వేసింది. 2020 డిసెంబరులో, ఏడాదికి 20 లక్షల రూపాయలూ ఆపైన టర్నోవరున్న రియల్ ఎస్టేట్ ఏజెంట్లని మనీలాండరింగ్ నిరోధక చట్టం పరిధిలోకి తెచ్చింది. లావాదేవీల రికార్డులు దాచాలి, కొనేవాడెవరో గుర్తింపు చూడాలి. అక్రమ సొమ్ముని అరికట్టడం కోసం ప్రభుత్వం ఏజెంటుని పేరుపెట్టి పిలవగలిగినప్పుడు, కొనేవాడి భద్రత కోసం పిలవలేకపోవడానికి కారణం కనిపించదు.

ఇదంతా మధ్యవర్తుల మీద కోపంతో చెబుతున్నది కాదు. ఎండనక వాననక సైట్లు తిప్పి, పదిసార్లు ఎమ్మార్వో ఆఫీసుకెళ్ళి కాగితాలు తెచ్చిపెట్టి, తీరా రిజిస్ట్రేషను రోజున యజమానీ కొనేవాడూ ఒకటై తప్పించుకుంటే కమీషను పోగొట్టుకున్నవాళ్ళు ప్రతి మండల కేంద్రంలో ఉన్నారు. కాగితం లేని వృత్తి వాళ్ళకీ అన్యాయమే చేసింది. ఎవరు పిలిచారో, ఏ పనికి ఎంతన్నారో రాతలో ఉంటే ఆ కష్టం గాలికి పోదు. నిజాయితీగా పనిచేసేవాడికీ, నిన్న మొన్న ఫోను పట్టుకుని వచ్చినవాడికీ తేడా తెలిపే గుర్తు లేకపోవడం వల్ల నష్టపోయింది ముందుగా మంచి మధ్యవర్తే.

కొత్త చట్టం వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోవలసిన పని లేదు. అమ్మకం అగ్రిమెంటు రాయించుకునేటప్పుడు ఒక పేరా ఎక్కువ రాయించుకోవచ్చు. ఈ బేరం కుదిర్చినవారు ఫలానా, వారి చిరునామా ఇది, రెరా నంబరు ఉంటే ఇది, వారు ఎవరి తరఫున పనిచేశారు, ఎవరి దగ్గర ఎంత తీసుకున్నారు, ఆస్తి గురించి వారు చెప్పిన వివరాలు ఇవి అని నాలుగు లైన్లు. దాని కింద మధ్యవర్తి సంతకం, సాక్షిగా కాకుండా మధ్యవర్తిగా. ఆ నాలుగు లైన్లు ఉంటే 1872 నాటి కాంట్రాక్టు చట్టం కొన్నవాడి తరఫునా అమ్మినవాడి తరఫునా పలుకుతుంది. దస్తావేజు రాసేవాళ్ళు ఈ పేరాని తమ నమూనాల్లో చేర్చుకుంటే అడగడం రానివాళ్ళకి కూడా అది దక్కుతుంది. ఆ పేరా చదివి సంతకం పెట్టడానికి వెనకాడే మధ్యవర్తి ఉంటే, బయానా ఇవ్వకముందే ఆ సంగతి తెలుస్తుంది.